జూడిత్ టోస్టెవిన్ హారో పెట్టిన పొద్దు

టోర్టెవాల్ పారిష్‌లో జూడిత్ టోస్టెవిన్ నోటిదెబ్బ తినని మనిషి లేడు. పాలవాడితో పోట్లాడింది, పాస్టరు గారి భార్యతో పోట్లాడింది. ఒకసారి శవపేటిక మోసుకుపోతున్న వాళ్ళని కూడా దారిలో నిలేసింది, తన గోడకి రాసుకుంటూ పోయారని. అలాంటి మనుషులకి లోపల వెన్నలాంటి మనసుంటుందని రాయడం అలవాటు. జూడిత్‌కి అలాంటిదేమీ ఉన్నట్టు ఎవరూ చూడలేదు. పొట్టి మనిషి, ఒంటి నిండా సత్తువ. చిన్నప్పటి నుంచీ సముద్రపు నాచు దంతెతో లాగి లాగి భుజాలు మగవాడి భుజాల్లా అయ్యాయి. పిల్లలు లేరు. మొగుడు పియెర్ పోయి చాలా కాలమైంది. ఆమెకి మిగిలింది ఇల్లు.

రొకేన్ ఒడ్డున ఉన్న ఆ ఇల్లు పియెర్ తన చేతులతో కట్టింది. గోడలకి ఒడ్డున దొరికిన రాయి, కప్పుకి నార్వే నుంచి వస్తూ మా రాళ్ళకి కొట్టుకుని పగిలిన కలప ఓడ దూలాలు. రెండు గదులు, ఒక వంటిల్లు. వంటింట్లో పొయ్యి పక్కన ఎండుటాకులు పరిచిన బల్లమంచం. దాని మీద కూచుంటే కిటికీలోంచి సముద్రం మొత్తం కనిపించేది. చివరికి కొంప ముంచింది సముద్రానికి అంత ఎదురుగా ఉండటమే.

అసలు జూడిత్ మొండితనం బడిలోనే మొదలైంది. ఇంగ్లండుకీ ఫ్రాన్సుకీ మధ్య సముద్రంలో ఉన్న మా గెర్న్‌సీ దీవికి అప్పట్లో మేష్టర్లు ఇంగ్లండు నుంచి వచ్చేవారు. పిల్లలు ఇంటిభాషలో, అంటే మా మోటు ఫ్రెంచిలో, ఒక్క ముక్క మాట్లాడినా బెత్తం ఆడించేవారు. ఒకాయన తరగతిలో, "మనమందరం ఎవరం?" అని అడిగాడు. అందరూ "ఇంగ్లీషువాళ్ళం" అన్నారు. జూడిత్ మాత్రం లేచి, "నార్మన్లం" అంది. చెయ్యి చాపమన్నాడు. ఇంటికొచ్చి వాచిన చెయ్యి నీళ్ళలో పెట్టుకుని అవ్వని అడిగింది.

"అవ్వా, నార్మన్లం అని నువ్వే అంటావుగా. అంటే ఏమిటసలు?"

"ఉత్తరాది మనిషి అని. అంతకంటే ఏం లేదు. ఉత్తరాన్నించి పడవలేసుకుని దిగబడ్డ దొంగ వెధవలు. ఊళ్ళు తగలబెట్టారు, చర్చిలు దోచారు. ఫ్రాన్సు రాజు విసిగి విసిగి, ఇదుగో ఈ నేల మీరు తీసుకుని నోరు మూసుక్కూచోండ్రా బాబూ అన్నాడు. కూచున్నారు. అదే నార్మండీ."

"మరి మనం?"

"వాళ్ళ పిల్లలం. ఇంగ్లండు మనల్ని గెలవలేదే పిచ్చిదానా, మనవాళ్ళే పోయి ఇంగ్లండుని గెలిచారు. వాళ్ళ రాజు మనకి రాజు కాడు, మన డ్యూక్, నార్మండీ దొర. రేపు మీ మేష్టారికి చెప్పు."

చెప్పింది. రెండో చెయ్యి కూడా వాచింది.

ఆ మాటకి అవతలి గట్టున వేరే అర్థాలున్నాయి. ఫ్రాన్సులో నార్మన్ అంటే ఒక జాతి ఆవు, ఒక రకం పెద్ద చెక్క బీరువా, ఇంకా, అడిగినదానికి ఔననీ కాదనీ చెప్పకుండా నాన్చే మనిషి. మొదటి రెండిటి సంగతి ఎలా ఉన్నా, మూడోదానికి మేం కోపం తెచ్చుకోలేం. మా ఊళ్ళో ఒకణ్ణి వానొస్తుందా అని అడిగి చూడండి, తల మీద చినుకులు పడుతున్నా సరే, రావచ్చు అంటాడు.

కాని మాకు వీటన్నిటికంటే పెద్ద గుర్తు హారో. ఎవడైనా నీ నేల మీదికి వచ్చి నీకు అన్యాయం చేస్తుంటే అక్కడికక్కడే తలమీద గుడ్డ తీసి, మోకాళ్ళ మీద కూచుని, ఇద్దరు సాక్షుల ఎదుట మూడుసార్లు హారో అని అరవాలి. నన్నాదుకో నా ప్రభూ, నాకు అన్యాయం జరుగుతోంది అనాలి. పరలోక ప్రార్థన ఫ్రెంచిలో చెప్పాలి. అంతే. అవతలివాడు ఎంతటివాడైనా చేతిలో పని అక్కడే వదిలెయ్యాలి, కోర్టు తేల్చేదాకా ముట్టుకోకూడదు. ఆ ప్రభువు ఎవరంటే మొట్టమొదటి ఉత్తరాది దొర, రోలో. హారో అంటే ఓ రోలో అని పిలవడమేనని మా పెద్దవాళ్ళ మాట. అదేం కాదని చదువుకున్నవాళ్ళు కొట్టిపారేస్తారు. వాళ్ళ పొలం గట్టు ఎవడూ నరకలేదు కాబట్టి వాళ్ళకి చెల్లుతుంది.

అది ఆడుకునే వస్తువు కాదు. తప్పుగా పెడితే పెట్టినవాడికే శిక్ష. జూడిత్ తండ్రి ఒకసారి పెట్టాడు, అదీ సొంత తమ్ముడి మీద, పొలం గట్టు నరుకుతున్నాడని. గెలిచాడు. తమ్ముడికి జరిమానా పడింది, పరువు పోయింది. జూడిత్ పుట్టింటి పేరు టోరోడ్. ఆ రోజు నుంచి ఆ రెండు టోరోడ్ ఇళ్ళ మధ్య మాటల్లేవు. తమ్ముడి కొడుకు ఆస్మండ్, జూడిత్ ఒకే బావి నీళ్ళు తాగి పెరిగినవాళ్ళు. ముప్పై ఏళ్ళ పైబడి చర్చిలో ఒకరి వీపు ఒకరు చూసుకుంటూ కూచున్నారు.

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు దీవిని పట్టుకున్న మూడో ఏడు వసంతంలో ఒక కెప్టెన్ జూడిత్ తలుపు తట్టాడు. కళ్ళజోడు, పల్చటి మనిషి, సొంతూళ్ళో మేష్టారట. పుస్తకాల ఫ్రెంచి మాట్లాడాడు. తలుపు మీద పేరు చదివి మొహం వెలిగిపోయింది.

"టోస్టెవిన్! అసలు పేరు థోర్‌స్టైన్, తెలుసా అమ్మా? థోర్ దేవుడి రాయి అని."

"రాయా? మా ఆయన తలకాయ చూసే పెట్టుంటారు."

ఆయన నవ్వాడు. "మీరు నార్మన్లు. ఉత్తరాది మనుషులు. మేమూ ఉత్తరాదివాళ్ళమే. వెయ్యేళ్ళ కిందట మనది ఒకటే రక్తం. మిమ్మల్ని చూస్తే నాకు సొంతవాళ్ళని చూసినట్టుంది."

"అయితే చుట్టరికం కలుపుకోడానికి వచ్చారన్నమాట. కూచోండి. పార్స్‌నిప్ దుంపలు మాడ్చి కాచిన కాఫీ ఉంది. చుట్టాలు గనక ఇస్తాను, తాగలేరు."

కాఫీ తాగలేదు గాని వచ్చిన పని చెప్పాడు. కొండ మీద పెట్టిన ఫిరంగులకి సముద్రం కనపడకుండా ఈ ఇల్లు అడ్డమొస్తోంది. పదిహేను రోజుల్లో ఖాళీ చెయ్యాలి, తరవాత కూల్చేస్తారు.

జూడిత్ కప్పు దూలాల వైపు చూసింది. బల్లమంచం మీద కూలబడింది. పియెర్ ఆ దూలాలు నడుములోతు నీళ్ళలోంచి లాగిన రోజు కళ్ళ ముందు కనిపించింది. కెప్టెన్ వైపు తిరిగింది.

"మా హారో సంగతి మీ పుస్తకాల్లో ఉందా?"

"లేకపోవడమేమిటి! అద్భుతమైన ఆచారం. ఒక్క కేకతో ఎంతటివాడైనా ఆగాలి."

"ఎంతటివాడైనానా?"

"ఎంతటివాడైనా సరే," అన్నాడు కెప్టెన్ ముచ్చటగా. టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ మాట జూడిత్ గట్టిగా పట్టుకుంది. వెర్రిది కాదు, జర్మన్ల తుపాకులు ఆమెకీ తెలుసు. కాని పట్టుకోడానికి ఇంకేం లేదు. పైగా జర్మన్లు ఇలాంటి కూలిపనికి దీవివాళ్ళనే పిలుస్తున్నారని వింది. కెప్టెన్ ఆగకపోయినా దీవివాడు ఆగాలి కదా. ఇక కావలసింది ఇద్దరు సాక్షులు. జర్మన్ల ఎదుట నిలబడి, విన్నాను అనగలిగే ఇద్దరు.

ముందు పక్కింటి యూనిస్ రొబిలియార్డ్ దగ్గరికి పోయింది. యూనిస్ నత్తగుల్లలు ఉడకబెట్టుకుంటోంది.

"సాక్షిగా నిలబడతావా?"

"నిలబడనని ఎందుకంటాను, జూడిత్ వదినా."

"అంటే నిలబడతావన్నమాట."

"నిలబడతానని కూడా అనలేదుగా. ఆ రోజుకి ఎట్లా ఉంటుందో చూడాలి. మోకాలు నొప్పి."

"నిన్ను మోకరించమని అడిగానా? మోకరించేది నేను!"

"నిలబడాలన్నా మోకాలే కదా, వదినా."

అక్కణ్ణించి బండి తోలే థామస్ బ్రౌవార్డ్ దగ్గరికి పోయింది. అతను గుర్రం గిట్టలు శుభ్రం చేసుకుంటున్నాడు. తలెత్తలేదు.

"పనుంటే రాలేనేమో. లేకపోతే రాకుండా ఉండలేనేమో."

"పనుందా, లేదా?"

"ఉండొచ్చు."

"ఎవరి పని?"

"ఎవరిదో ఒకరిది," అని గుర్రం రెండో కాలు ఎత్తాడు బ్రౌవార్డ్.

అలా పారిష్ అంతా తిరిగింది. ఒక్కడూ రానన్లేదు, ఒక్కడూ వస్తానన్లేదు. పాలవాడైతే తన ఆవు ఈనే రోజుని బట్టి ఉంటుందన్నాడు. జూడిత్ ఇంటికొచ్చి తలుపేసుకుని అందర్నీ పేరుపేరునా తిట్టింది. తిట్టాక భయం వేసింది. ఇన్నేళ్ళూ అందరితో కయ్యం పెట్టుకుంది, ఇప్పుడెవరొస్తారు? ఆస్మండ్ టోరోడ్ గుమ్మం ముందు నుంచి రెండుసార్లు నడిచింది గాని తట్టలేదు. హారో దెబ్బ తిన్న ఇంటికి పోయి హారోకి సాక్ష్యం అడగడానికి ఆమెకే మొహం చెల్లలేదు.

గడువు అయిన పొద్దున ఒడ్డు మీద చక్రాల చప్పుడైంది. కెప్టెన్, ఇద్దరు సైనికులు, వెనకాల బండి. బండి తోలుతున్నది బ్రౌవార్డ్. జూడిత్‌కి ఒళ్ళు మండిపోయింది.

"ఇదా నీ పని! ఎవరిదో ఒకరిదన్నావే!"

"చెప్పలేకపోయాను, జూడిత్," అన్నాడు బ్రౌవార్డ్ గుర్రం చెవుల వైపు చూస్తూ.

బండి మీద నుంచి గడ్డపార పట్టుకుని దిగిన రెండో మనిషి ఆస్మండ్. ఆమె వైపు చూడకుండా నిచ్చెన వేసుకుని కప్పెక్కాడు. మొదటి పెంకు లేచింది.

జూడిత్ వాకిట్లోకి వచ్చింది. తలగుడ్డ విప్పి పక్కన పెట్టింది. తడిసిన గులకరాళ్ళ మీద మోకాళ్ళూనింది. చుట్టూ చూసింది. యూనిస్ కిటికీకి పరదా వేసి ఉంది. దారి మీద మనిషి లేడు. అయినా గొంతెత్తింది.

"హారో! హారో! హారో! నన్నాదుకో నా ప్రభూ! నాకు అన్యాయం జరుగుతోంది!"

తరవాత ప్రార్థన మొదలుపెట్టింది. మధ్యలో ఒక వాక్యం మర్చిపోయి, వెనక్కి పోయి, మళ్ళీ చెప్పింది. కెప్టెన్ తల పక్కకి వాల్చి నాటకం చూస్తున్నట్టు వింటున్నాడు. ప్రార్థన అయిపోయింది. కప్పు మీద గడ్డపార ఆగింది.

"సాక్షులేరీ, టోస్టెవిన్ గారూ?" అన్నాడు ఆస్మండ్ పైనుంచి. ముప్పై ఏళ్ళలో ఆమెతో అతనన్న మొదటి మాట అది. "ఇద్దరుండాలి. మీ నాన్న మా నాన్న మీద పెట్టినప్పుడు ఇద్దరున్నారు. వాళ్ళ పేర్లు మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు."

సాక్షులు లేని హారో ఉత్త అరుపు. అది జూడిత్‌కీ తెలుసు, కప్పు మీద ఉన్నవాడికీ తెలుసు. గులకరాళ్ళు మోకాళ్ళలో గుచ్చుకుంటున్నాయి. ఇల్లు పోయింది అనుకుంది.

"నేను విన్నాను," అన్నాడు బ్రౌవార్డ్.

ఆస్మండ్ కిందికి చూశాడు. "నువ్వు కూల్చడానికి వచ్చినవాడివి కదరా. సాక్షివెలా అవుతావు?"

"కూల్చేవాడికి చెవులుండకూడదని ఏ చట్టంలో ఉంది? అరిచింది. విన్నాను. ఒకడు అయ్యాడు." గుర్రం జూలు నిమిరాడు. "రెండోవాడెవడో నువ్వు చూసుకో."

ఆస్మండ్ కప్పు నడినెత్తిన కూచుండిపోయాడు. గడ్డపార ఒళ్ళో అడ్డంగా పెట్టుకున్నాడు. "ఏమిటి ఆలస్యం?" అని కెప్టెన్ అరిచినా కదల్లేదు. చాలాసేపటికి నిచ్చెన దిగాడు. టోపీ తీశాడు.

"నేనూ విన్నాను," అని గడ్డపార నేల మీద పెట్టాడు.

కెప్టెన్ మొహంలో నవ్వు కాస్తా పోయింది. "పని మొదలెట్టండి."

"కుదరదు సార్. హారో పడింది. కోర్టు చెప్పేదాకా మేం రాయి ముట్టుకోకూడదు," అన్నాడు ఆస్మండ్.

"ఆజ్ఞ ఇస్తున్నాను!"

"ఇవ్వండి సార్. మేం ముట్టుకోం."

జూడిత్ ఇంకా మోకాళ్ళ మీదే ఉంది. "ఎంతటివాడైనా సరే అన్నారు కదా మీరు."

"అదంతా చరిత్ర అమ్మా," అన్నాడు కెప్టెన్. చెవులు ఎర్రబడ్డాయి. "మీరు మా రక్తమనుకున్నాను."

"రక్తం సంగతి నాకేం తెలుసు? ఆ పడవల్లో వచ్చినవాడూ దొంగేనట, మా అవ్వ చెప్పింది. కాని మనిషి అరిస్తే ఆగేవాడట. అందుకని ఇప్పటికీ వాణ్ణి పిలుస్తున్నాం. మిమ్మల్ని ఎవరు పిలుస్తారు?"

కెప్టెన్ వెనక్కి తిరిగాడు. సైనికులకి ఏదో చెప్పాడు. వాళ్ళు బ్రౌవార్డ్ చేతిలోంచి కళ్ళెం లాక్కున్నారు. బండీ, గుర్రమూ జప్తు. రేపు మధ్యాహ్నానికి దీవి అవతలి శిబిరం నుంచి వేరే కూలీలొస్తారని, వాళ్ళకి ఈ భాష రాదని చెప్పి వెళ్ళిపోయాడు. బ్రౌవార్డ్ గుర్రం మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాడు. పదకొండేళ్ళు పెంచిన గుర్రం. తరవాత దాన్ని వండుకు తిన్నారని విన్నాం.

జూడిత్ లేచి గుమ్మంలో కూచుంది. "అయితే ఒక్క రోజు మిగిలింది," అంది.

"ఒక రోజు తక్కువేం కాదు," అన్నాడు ఆస్మండ్. "గోడలు ఎలాగూ పోతాయి. దూలాలు ఎందుకు పోవాలి? తలుపులు ఎందుకు పోవాలి? నా కొట్టం ఖాళీగా ఉంది."

"ముట్టుకోనన్నావుగా."

"హారో పడింది మా మీద. మేం కూల్చకూడదు. నీ ఇల్లు నువ్వు విప్పుకుంటే ఎవడాపుతాడు? నువ్వు తియ్యి, మేం మోస్తాం." గడ్డపార తీసి పిడి ఆమె వైపు పెట్టాడు.

అది చాలా కష్టమైన పని. చేతికి కాదు. కూల్చొద్దని పొద్దున్నే మోకరించిన మనిషి, ఎండ ఎక్కకముందే తన గుమ్మం తలుపుని తానే ఊడబెరికింది. మొదటి మేకు లాగినప్పుడు చెక్క కీచుమంది. జూడిత్ పియెర్‌ని ఒక బూతుమాట తిట్టింది, అంత గట్టిగా ఎందుకు కొట్టావని. తరవాత ఇక ఆగలేదు. కిటికీలు, గడియలు, కప్పు పెంకులు, వాసాలు. బ్రౌవార్డ్ తలుపు వీపు మీద వేసుకుని నడిచాడు. పాలవాడు ఒంటిచక్రం బండి తోసుకుంటూ వచ్చాడు, ఆవు రేపు ఈనుతుందట. బల్లమంచం రెండో చివర ఎవరో పట్టుకున్నారు. చూస్తే యూనిస్.

"మోకాలు తగ్గిందా?" అంది జూడిత్.

"తగ్గిందని చెప్పలేను వదినా. తగ్గలేదనీ చెప్పలేను. పట్టుకో, జారుతోంది."

కర్ఫ్యూ వేళకి ఒక్క దూలం మిగిలింది. తెల్లారగానే అదీ దింపారు.

మధ్యాహ్నం కెప్టెన్ వచ్చేసరికి నాలుగు మొండిగోడలున్నాయి. వెనకాల కాపలాతో వచ్చిన కూలీలు ఏ దేశం వాళ్ళో మాకు తెలీదు. కాళ్ళకి గోనెగుడ్డలు కట్టుకున్నారు, ఎముకల గూళ్ళలా ఉన్నారు. జూడిత్ జేబులో ఉన్న రొట్టెముక్క ఒకడి చేతిలో పెట్టింది. కాపలావాడు అరిస్తే తిరిగి అరిచింది.

కెప్టెన్ గోడల చుట్టూ తిరిగి వచ్చాడు. "ఏమమ్మా, మీ ప్రభువు రాలేదుగా?"

"రాలేదు," అంది జూడిత్. "నేను పిలిస్తే వచ్చినవాళ్ళు ఇద్దరే. ఇద్దరూ నా ఇల్లు కూల్చడానికి వచ్చినవాళ్ళే."

గోడలకి మందు పెట్టి పేల్చారు. చప్పుడు ఆస్మండ్ కొట్టందాకా వినిపించింది. అప్పటికి అక్కడికి చేరి దూలాల మధ్య నిలబడి ఉన్న జూడిత్ రెండు చేతులతో మొహం కప్పుకుని గట్టిగా ఏడ్చింది. మొగుడు పోయినప్పుడు కూడా అంతలా ఏడవలేదని యూనిస్ ఇప్పటికీ అంటుంది. ఆస్మండ్ ఏడవొద్దనలేదు. టోపీ చేతిలో నలుపుతూ నిలబడ్డాడు. ఆమె ఏడుపు కాస్త నెమ్మదించాక, దూలం ఒక కొస లేపాడు.

"ఎక్కడ పెట్టమంటావో చెప్పు, అక్కా."

జూడిత్ తలగుడ్డ కొసతో ముక్కు తుడుచుకుంది. దూలాన్ని పై నుంచి కింది దాకా చూసింది.

"అట్లా కాదు, తిరగేసి పట్టావు," అంది. "ఇటు తే."